‘షుడ్ హ్యావ్’ రాయకండి: రాత్రి షిఫ్ట్ వాళ్లకు ఇంగ్లీష్ సలహాలు

ఇంగ్లీష్ మాస్టార్లు ఈ సలహాలు ఒప్పుకోరు. ఒప్పుకోకపోయినా ఫర్వాలేదు. నేను రాస్తున్నది పరీక్షకు కూర్చునేవాళ్ల కోసం కాదు. పటాన్‌చెరు చుట్టుపక్కల పాశమైలారంలో, బొల్లారంలో, ఖాజీపల్లిలో, గడ్డపోతారంలో రాత్రంతా రియాక్టర్ పక్కన నిలబడి, తెల్లారాక జరిగినదంతా ఇంగ్లీష్‌లో చెప్పుకోవాల్సి వచ్చే పిల్లల కోసం రాస్తున్నాను. ఈ బెల్టులోని మందుల ముడిసరుకు ప్లాంట్లలో ఇరవై ఆరేళ్లు పనిచేశాను. అందులో ఎక్కువ కాలం క్వాలిటీ విభాగంలోనే. ఇప్పుడు ఇస్నాపూర్‌లో ఒక గది తీసుకుని సాయంత్రాలు ఇంగ్లీష్ చెప్తున్నాను. వచ్చేవాళ్లు ఐటీఐ చేసినవాళ్లు, బీఎస్సీ కెమిస్ట్రీ చేసినవాళ్లు, ఇంటర్‌తో ఆపేసి షిఫ్టుల్లో చేరినవాళ్లు.

నా దగ్గర చేరిన రోజే చెప్పే మాట ఒకటుంది. జరిగిపోయినదాని గురించి మాట్లాడేటప్పుడు షుడ్ హ్యావ్, మస్ట్ హ్యావ్, కుడ్ హ్యావ్, మైట్ హ్యావ్ అనే నాలుగూ ఏడాదిపాటు మీ నోట రాకూడదు, మీ పెన్నులోంచి రాకూడదు. ఏ పుస్తకంలోనూ ఇలాంటి నియమం లేదు. పుస్తకాలన్నీ ఆ నాలుగింటినీ నేర్పడానికే ఉన్నాయి. నేను మానేయమంటున్నాను. ఎందుకో చెప్తాను.

చాలా ఏళ్ల కిందటి మాట. సీ షిఫ్ట్‌లో, అంటే రాత్రి షిఫ్ట్‌లో, ఒక బ్యాచ్ వేడి 25 నుంచి 30 డిగ్రీల మధ్య ఉండాల్సింది, 41కి ఎక్కింది. ఆ రియాక్షన్‌లో వేడి దానంతటదే పుడుతుంది కాబట్టి రియాక్టర్ చుట్టూ ఉండే జాకెట్‌లో చల్లటి బ్రైన్, అంటే ఉప్పునీరు, తిరుగుతూనే ఉండాలి. పొద్దున డీవియేషన్ రిపోర్టు, అంటే పద్ధతి ఎక్కడ తప్పిందో చెప్పే కాగితం, రాయడానికి నేనే కూర్చున్నాను. ఎదురుగా ఆపరేటర్ నిలబడ్డాడు. కాంట్రాక్టు మనిషి, నారాయణఖేడ్ దిక్కు అబ్బాయి. కళ్లు ఎర్రగా ఉన్నాయి, ఇంకా బూట్లు కూడా విప్పలేదు.

“బ్రైన్ వాల్వ్ ఓపెన్‌లో ఉందా?” అని అడిగాను.

“ఓపెన్‌లనే ఉండాలె సార్. నేనైతే ముట్టలే” అన్నాడు.

నేను రాసుకున్నది: ద వాల్వ్ షుడ్ హ్యావ్ బీన్ ఓపెన్. కింద అతని సంతకం తీసుకున్నాను. అతను చదవలేదు. చదివినా తేడా పట్టుకునేవాడు కాదు. రాసిన నేనే పట్టుకోలేదు.

ఆ అబ్బాయి చెప్పిందేమిటి? వాల్వ్ తెరిచే ఉండి ఉంటుంది, నాకు తెలిసినంతవరకు ఎవరూ మూయలేదు అని. నేను రాసిన వాక్యాన్ని ఇంగ్లీష్ వచ్చినవాడు చదివితే ఏమని అర్థమవుతుంది? తెరిచి ఉండాల్సింది, కానీ లేదు అని. అతను ‘ఉంది’ అన్న అర్థంలో చెప్పిన మాట నా చేతిలో ‘లేదు’ అయింది. తప్పు ఒప్పుకున్నట్టు అయింది. కింద సంతకం కూడా ఉంది. రెండో రోజుకల్లా కాంట్రాక్టర్ అతన్ని పనిలోంచి తీసేశాడు. మూడో రోజు బ్రైన్ పంపులు నడిపే యుటిలిటీ విభాగం వాళ్ల లాగ్‌బుక్ తెప్పించి చూస్తే, ఆ రాత్రి బ్రైన్ పంపు ట్రిప్ అయి నలభై నిమిషాలు ఆగిపోయి ఉంది. వాల్వ్ తెరిచే ఉంది. అందులో తిరగడానికి బ్రైనే లేదు.

నా సలహాలన్నీ ఆ ఒక్క వాక్యంలోంచి పుట్టినవే. నేను ఊరికే వ్యాకరణం మీద పడి ఏడవడం లేదు.

ముందు ‘ఉండాలి’ని విప్పి చూసుకోండి

గ్రామర్ పుస్తకంలో టేబుల్ ఉంటుంది. ఎడమ పక్క మస్ట్, షుడ్, కుడ్, మైట్, మధ్యలో హ్యావ్, కుడి పక్క క్రియ మూడో రూపం. ఆ టేబుల్ కంఠతా పెట్టకండి. పెట్టినవాళ్లు పది నిమిషాల్లో వాక్యం తయారుచేస్తారు, ఆ వాక్యం ఏం చెప్తుందో మాత్రం వాళ్లకు తెలియదు. నేనూ ఆ టేబుల్‌తోనే నేర్చుకున్నాను.

దాని బదులు మన మాటను విప్పండి. ‘వాల్వ్ మూసి ఉండాలి’ అని గోడ మీద రాస్తే అది నియమం. అదే మాట రాత్రి జరిగినదాని గురించి ఎవరైనా అంటే అది ఊహ: మూసే ఉండి ఉంటుంది అని. ఒక్క ‘ఉండాలి’ రెండు పనులు చేస్తుంది. మన ఇళ్లలో ఇబ్బంది రాదు, గొంతును బట్టి, సందర్భాన్ని బట్టి తెలిసిపోతుంది. ‘ఈపాటికి బస్సు ముత్తంగి దాటి ఉండాలె’ అంటే ఎవరూ డ్రైవర్‌ను తిట్టినట్టు అనుకోరు. ఇక జరిగిపోయినదానికి మనకు వేర్వేరు మాటలు పుష్కలంగా ఉన్నాయి. మూయాల్సింది అంటే మూయలేదని. మూయాల్సి వచ్చింది అంటే మూశారని, తప్పక మూశారని. మూసి ఉంటాడు అంటే మనం చూడలేదు గానీ అలా అనుకుంటున్నామని. మూసిండొచ్చు అంటే అదీ కావచ్చు, ఇంకోటీ కావచ్చు అని. ‘మూయాల్సింది’కీ ‘మూయాల్సి వచ్చింది’కీ మధ్య ఎంత దూరం ఉందో చూడండి. ఒకటి జరగలేదు, ఇంకోటి జరిగింది. అయిదేళ్ల పిల్లకు కూడా తెలిసే తేడా అది.

ఇంగ్లీష్‌లో ఈ తేడాలు లేవని కాదు. ఉన్నాయి, వేరే చోట ఉన్నాయి. ‘మస్ట్’కు భూతకాలం లేదు. అది ఒకప్పుడు తానే భూతకాల రూపం. పాత ఇంగ్లీష్‌లో ‘మోటన్’ అనే క్రియకు ‘మోస్టె’ అనేది జరిగిన కాలపు రూపం. అదే అరిగి అరిగి ఇవాళ్టి మస్ట్ అయి, వర్తమానంలోకి వచ్చి కూర్చుంది. కుడ్, వుడ్, షుడ్, మైట్ కూడా క్యాన్, విల్, షల్, మే అనే వాటికి పాత భూతకాల రూపాలే. తర్వాత్తర్వాత అవి వేరే పనుల్లోకి మళ్లాయి. భూతకాలం చెప్పడానికి వాటి వెనక మళ్లీ ‘హ్యావ్’ తగిలించాల్సి వచ్చింది. కాబట్టి ఈ వ్యవహారం మీకు అయోమయంగా ఉంటే లోపం మీ తలలో లేదు. ఆ భాషలో వెయ్యేళ్లుగా సామాన్లు ఒక గదిలోంచి ఇంకో గదిలోకి మారుతూ వచ్చాయి.

మస్ట్ దగ్గర ఒక్క సంగతి గుర్తుంచుకుంటే చాలు. నియమం ప్రకారం మూయాల్సి వచ్చింది అంటే ‘హ్యాడ్ టు’. మూసే ఉంటారనుకుంటున్నాం అంటే ‘మస్ట్ హ్యావ్’. మూయాల్సింది గానీ మూయలేదు అంటే ‘షుడ్ హ్యావ్’. మన ‘ఉండాలె’ ఈ మూడు గుమ్మాల ముందూ నిలబడుతుంది. ఏ గుమ్మంలోకి పంపుతున్నామో తెలియకుండా తోస్తే, నారాయణఖేడ్ అబ్బాయికి జరిగిందే జరుగుతుంది.

మనిషి పేరు పక్కన ‘షుడ్ హ్యావ్’ వద్దే వద్దు

ఏడాది గడువు మిగతా మూడింటికి. మనిషి మీద రాసే ‘షుడ్ హ్యావ్’ విషయంలో మాత్రం నా నియమానికి గడువు లేదు. రాయకండి. మీ మీద మీరు కూడా రాసుకోకండి.

ఈ బెల్టులో వేల డీవియేషన్ రిపోర్టులు ఒకే మూసలో ఉంటాయి. ది ఆపరేటర్ షుడ్ హ్యావ్ చెక్డ్. ది ఆపరేటర్ షుడ్ హ్యావ్ ఇన్‌ఫార్మ్డ్. ఆ తర్వాత కారణం అనే గడిలో ‘హ్యూమన్ ఎర్రర్’. ఆ తర్వాత దిద్దుబాటు అనే గడిలో ‘రీట్రైనింగ్’. ఫైలు మూసేస్తారు. మూడు నెలలకు అదే రియాక్టర్ దగ్గర అదే జరుగుతుంది, ఇంకో పేరుతో.

జరిగిపోయాక అంతా కళ్లకు కట్టినట్టే ఉంటుంది. 1975లో బరూక్ ఫిష్‌హాఫ్ అనే మనస్తత్వ శాస్త్రవేత్త దీన్ని ప్రయోగాలు చేసి చూపించాడు. ఫలితం ముందే తెలిసినవాళ్లు, అది జరిగే అవకాశం మొదటినుంచీ ఎక్కువే అన్నట్టు అంచనా వేశారు. తమ అంచనాను ఆ తెలిసిన సంగతే మార్చేసిందని వాళ్లు గుర్తించలేదు. ప్రమాదాల మీద పనిచేసిన సిడ్నీ డెక్కర్ ఇంకాస్త సూటిగా అన్నాడు. మనుషులు ఏం చేసి ఉండాల్సిందో చెప్పడం వల్ల, వాళ్లు నిజంగా చేసింది ఎందుకు చేశారో తెలియదు అని ఆయన వాదన. ఆయన రాసింది ముఖ్యంగా విమానాల గురించి, ఆసుపత్రుల గురించి. నాకు మాత్రం చదువుతున్నంతసేపూ మా ప్రొడక్షన్ బ్లాకే కళ్ల ముందు కదిలింది.

ఇంకో సంగతి ఉంది. అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన మార్గదర్శక పత్రాల్లో ‘షుడ్’ అనే మాటకు అర్థం తానే చెప్పుకుంటుంది: అది సూచన, సిఫారసు, తప్పనిసరి కాదు. ఐఎస్‌ఓ ప్రమాణాల్లోనూ అంతే. ‘షల్’ అంటే తప్పనిసరి, ‘షుడ్’ అంటే సిఫారసు, ‘మే’ అంటే అనుమతి. ఇప్పుడు మన ఎస్‌ఓపీలు, అంటే ఏ పని ఎలా చేయాలో చెప్పే కాగితాలు, తీసి చూడండి. చాలావాటిలో ప్రతి వాక్యమూ ‘ఆపరేటర్ షుడ్’ అనే మొదలవుతుంది. రాసేటప్పుడు సిఫారసు. తప్పు జరిగాక అదే మాటకు ‘హ్యావ్’ తగిలిస్తే నేరం. మనిషిని తప్పుపట్టాలంటే ముందు ఆ ఎస్‌ఓపీలో ‘షల్’ అని రాసి ఉండాలి కదా! ఇది చదివే క్వాలిటీ వాళ్లెవరైనా ఉంటే ముందు ఆ పని చేయండి.

మరి దాని బదులు ఏం రాయాలి? మూడు ముక్కలు రాయండి. కాగితంలో ఏముంది, ఆ రాత్రి ఏం జరిగింది, రెంటికీ మధ్య ఏమేం ఉన్నాయి. ‘ఆపరేటర్ షుడ్ హ్యావ్ చెక్డ్ ది టెంపరేచర్’ అని కాకుండా ఇలా రాయండి: ప్రతి 30 నిమిషాలకు వేడి చూసి రాయాలని ఎస్‌ఓపీలో ఉంది. లాగ్‌బుక్‌లో 1:00కి ఒక నమోదు, 2:10కి ఒక నమోదు ఉన్నాయి. ఆ మధ్యలో ఇదే ఆపరేటర్ రెండో రియాక్టర్‌లో ఛార్జింగ్, అంటే ముడిసరుకు నింపడం, చేశాడు. అంతే. ఇంగ్లీష్‌లోకి మార్చినా ఇందులో షుడ్, మస్ట్, కుడ్ లాంటి మోడల్ వెర్బ్ ఒక్కటీ అవసరం లేదు. అన్నీ మామూలు భూతకాలపు క్రియలు, ఎనిమిదో తరగతివి. కానీ చదివినవాడు ఇక తప్పించుకోలేడు. ఒక మనిషికి రెండు రియాక్టర్లు ఎవరు అప్పగించారు అనే ప్రశ్న దానంతటదే లేస్తుంది. ‘షుడ్ హ్యావ్’ రాసి ఉంటే ఆ ప్రశ్న లేచేది కాదు.

ఒక కుర్రాడు నన్ను అడిగాడు: “సార్, నిజంగనే నాదే తప్పయితే? అప్పుడన్న రాయొద్దా?”

రాయొద్దు తమ్మీ. ‘ఐ డిడ్ నాట్ చెక్’ అని రాయి. అది నిజం. ‘ఐ షుడ్ హ్యావ్ చెక్డ్’ అన్నది తీర్పు. నిజం చెప్పడం నీ పని, తీర్పు చెప్పడం నీ పని కాదు. నువ్వు చూడలేదని రాశాక, ఎందుకు చూడలేకపోయావో రాయడానికి ఇంకో వాక్యం చోటు మిగుల్తుంది. ఆ రెండో వాక్యం రాయకుండా లేవకు.

‘మస్ట్ హ్యావ్’ బలమైన మాట కాదు

మన పిల్లలందరూ ఇక్కడే బోల్తా పడతారు. మస్ట్ అంటే తప్పనిసరి అని చిన్నప్పుడే నూరిపోశారు కదా, ‘హి మస్ట్ హ్యావ్ సైన్డ్’ అంటే ‘కచ్చితంగా సంతకం చేశాడు’ అనుకుంటారు. కాదు. ‘హి సైన్డ్’ అన్నదానికంటే ‘హి మస్ట్ హ్యావ్ సైన్డ్’ అన్నది బలహీనం. మనం చూడలేదని, లెక్క కట్టి చెప్తున్నామని ఆ మాటే బయటపెడుతుంది. తెలుగులో ‘చేశాడు’, ‘చేసుంటడు’ అన్న రెంటినీ పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఏది గట్టిదో మీకే తెలుస్తుంది.

‘మస్ట్ హ్యావ్’ అనాలనిపించిన ప్రతిసారీ దాన్ని ఒక గంట మోగినట్టు తీసుకోండి. మీకు తెలియనిది ఏదో ఉంది. లేచి వెళ్లి చూడండి. లాగ్‌బుక్ తెరవండి, గేటు రిజిస్టర్ తెరవండి, యుటిలిటీకి ఫోన్ చేయండి. దొరికితే భూతకాలంలో రాయండి. దొరకకపోతే ‘ఐ డిడ్ నాట్ సీ’ అని రాయండి. ఆడిటర్ ముందు ‘నేను చూడలేదు’ అన్న మాటకు ఉన్న విలువ ‘అయ్యుంటుంది’ అన్న మాటకు లేదు. మందుల కంపెనీల్లో రికార్డుకు అయిదు గుణాలు ఉండాలంటారు: ఎవరు రాశారో తెలియాలి, చదవగలిగేలా ఉండాలి, జరిగినప్పుడే రాయాలి, అసలు ప్రతి అయి ఉండాలి, సరిగ్గా ఉండాలి. ఇంగ్లీష్ మొదటి అక్షరాలు కలిపి ‘అల్కోవా’ అంటారు. తర్వాత కూర్చుని ఊహించి రాసిన వాక్యానికి అందులో చోటే లేదు.

‘మే హ్యావ్’, ‘మైట్ హ్యావ్’ అంత ప్రమాదం కాదు గానీ వాటినీ పక్కన పెట్టమంటాను. 2025 జూన్ 30న పాశమైలారంలో సిగాచీ ఫ్యాక్టరీలో పేలుడు జరిగి 40 మందికి పైగా చనిపోయారు. ఆ పొద్దున ఎక్కడ విన్నా రియాక్టర్ పేలింది, రియాక్టర్ పేలింది అన్నారు. తర్వాత కంపెనీయే అది రియాక్టర్ పేలుడు కాదని తెలిపింది. నా విద్యార్థి ఒకడు, “సార్, అట్లాంటప్పుడు ‘మే హ్యావ్’ అనాలె గదా, మీరు వద్దంటిరి” అన్నాడు. ప్రశ్న సరైనదే. నా జవాబు మారలేదు. ఆ పొద్దున చెప్పాల్సిన మాట ‘పేలి ఉండొచ్చు’ కూడా కాదు, ‘ఏం పేలిందో ఇంకా తెలియదు’ అన్నది. ‘ఉండొచ్చు’ అనగానే విన్నవాళ్ల మనసులో బొమ్మ పడిపోతుంది, ఆ బొమ్మను మళ్లీ ఎవరూ తుడవలేరు. ఆ రోజు ఆసుపత్రి గుమ్మాల దగ్గర నిలబడినవాళ్లలో బీహార్, ఒడిశా, ఉత్తరప్రదేశ్ నుంచి వచ్చినవాళ్లూ ఉన్నారు. వాళ్లకు కావాల్సింది ఉంది, లేదు అనే రెండు మాటలు.

‘కుడ్’ను నమ్మకండి

క్లాసులో ఒక వాక్యం ఇచ్చాను. ‘మంటలు వచ్చినప్పుడు అందరూ బయటికి రాగలిగారు.’ ఇంగ్లీష్‌లో చెప్పమన్నాను. పదకొండు మంది రాస్తే, ఏడుగురు ‘ఎవ్రీబడీ కుడ్ కమ్ అవుట్’ అన్నారు, ముగ్గురు ఇంకాస్త చదువు చూపించి ‘ఎవ్రీబడీ కుడ్ హ్యావ్ కమ్ అవుట్’ అన్నారు. ఒకమ్మాయి మాత్రం ‘ఆల్ కేమ్ అవుట్’ అని రాసింది. నేను ఆ అమ్మాయికే మార్కులిచ్చాను.

‘కుడ్ హ్యావ్ కమ్ అవుట్’ అని చదివిన ఇంగ్లీష్ మనిషికి గుండె ఆగుతుంది. రాగలిగేవాళ్లే, కానీ రాలేదు అని దానర్థం. అంటే లోపలే ఉండిపోయారని. ఉత్త ‘కుడ్’ కూడా ఒక్కసారి జరిగిన పనికి సరిపోదు. ‘చిన్నప్పుడు ఈదగలిగేవాణ్ణి’ అన్నట్టు ఎప్పుడూ ఉండే సామర్థ్యానికైతే సరే. ఫలానా రాత్రి ఫలానా పని చేయగలిగాం అనడానికి ‘వజ్ ఏబుల్ టు’ అనో ‘మ్యానేజ్డ్ టు’ అనో అనాలి. చేయలేకపోయాం అనడానికి మాత్రం ‘కుడ్ నాట్’ సరిపోతుంది. ఇన్ని షరతులున్న మాటను ప్రాణాల సంగతి చెప్పేటప్పుడు వాడటమెందుకు? వచ్చారంటే ‘కేమ్’. రాలేదంటే ‘డిడ్ నాట్ కమ్’. ఎంతమంది అంటే అంకె.

‘నీడ్ నాట్ హ్యావ్’, ‘డిడ్ నాట్ నీడ్ టు’ అనేవాటికి తేడా ఉంది. ఈ బెల్టులో దాని అవసరం పడ్డవాణ్ణి ఇరవై ఆరేళ్లలో ఒక్కణ్ణి చూడలేదు. వదిలేయండి.

పాత రోజుల గురించి చెప్పాలంటే

‘చేసేవాణ్ణి’, ‘ఉండేది’, ‘తాగేవాళ్లం’ అన్నవాటికి ‘వుడ్’ వాడమని పుస్తకాలు చెప్తాయి. మీరు ‘యూజ్డ్ టు’ ఒక్కటే వాడండి. ‘వుడ్’ పనులకు పనికొస్తుంది గానీ స్థితులకు పనికిరాదు. పటాన్‌చెరు మెదక్ జిల్లాలో ఉండేది, 2016 అక్టోబర్ 11న సంగారెడ్డి జిల్లా ఏర్పడ్డాక అందులోకి వచ్చింది. ఇక్కడ ‘యూజ్డ్ టు బీ’ అనాల్సిందే, ‘వుడ్ బీ’ అంటే మెదక్‌లో చేరబోతోందేమో అనుకుంటారు.

ఈ రూపం మా ప్రాంతంలో ఎంత వినిపిస్తుందంటే, దాని మీద వేరే వ్యాకరణం రాయొచ్చు. నక్కవాగు పక్క ఊళ్లలో పెద్దవాళ్లతో పది నిమిషాలు కూర్చోండి. ఆ నీళ్లు తాగేవాళ్లం, అందులో పశువుల్ని కడిగేవాళ్లం, వరి పండించేవాళ్లం, చేపలు పట్టేవాళ్లం. వరసగా అన్నీ ‘ఏవాళ్లం’. ‘యూజ్డ్ టు’ అనగానే ఇప్పుడు లేదన్న మాట కూడా అందులోనే వచ్చేస్తుంది. ఎందుకు లేదన్నది మాత్రం రాదు. దానికి వేరే వాక్యం కావాలి, అంకెలున్న వాక్యం. పటాన్‌చెరు, బొల్లారం కాలుష్యం మీద సుప్రీంకోర్టుకు పిటిషన్ వెళ్లింది 1990లో. 2007లో స్వీడన్‌కు చెందిన జోకిమ్ లార్సన్ బృందం, పటాన్‌చెరులోని ఉమ్మడి వ్యర్థజలాల శుద్ధి కేంద్రం నుంచి బయటికొచ్చే నీటిలో సిప్రోఫ్లాక్సాసిన్ మందు లీటరుకు 31 మిల్లీగ్రాముల వరకు ఉందని ప్రచురించింది. ఆ అంకె పక్కన ‘ఉండొచ్చు’ లేదు. కొలిచారు, రాశారు. ప్రపంచమంతా ఆ ఒక్క అంకెను పట్టుకుంది. మీ లాగ్‌బుక్‌లో మీరు రాసే అంకె కూడా అలాంటిదే, చిన్నదని అనుకోకండి.

‘వుడ్ హ్యావ్’ ఒక్కచోట రాయండి

ఇంటర్వ్యూల్లో అడుగుతారు: ఆ పరిస్థితిలో నువ్వుంటే ఏం చేసి ఉండేవాడివి? ‘ఐ వుడ్ హ్యావ్’ అని మొదలుపెట్టకండి. మీరు నిజంగా చేసిన పని ఒకటి చెప్పండి, చిన్నదైనా సరే. ‘లాస్ట్ ఇయర్ ఐ డిడ్ దిస్’ అని. జరగని సంగతుల గురించి అందరూ వీరులే. చేసినదాని గురించి చెప్పేవాడి గొంతు వేరుగా ఉంటుంది, ఎదుటివాడికి అది తెలుస్తుంది. ఇలా చెప్పి ఉద్యోగం పోగొట్టుకున్నవాళ్లు లేరా అంటే ఉన్నారు, ప్రశ్నకు జవాబు ఇవ్వలేదని పంపించేశారు. అయినా నా సలహా ఇదే.

కానీ యంత్రం గురించి ‘వుడ్ హ్యావ్’ ధైర్యంగా రాయండి. ‘వేడి 30 దాటగానే ఫీడ్ ఆపే ఇంటర్‌లాక్ ఉండి ఉంటే ఫీడ్ ఆగేది.’ ‘బ్రైన్ పంపు ఆగితే ప్రొడక్షన్ బ్లాక్‌లో అలారం మోగే ఏర్పాటు ఉంటే ఆపరేటర్‌కు తెలిసేది.’ ఇలాంటి వాక్యం ఇంగ్లీష్‌లో రాయడానికి రాత్రంతా పట్టినా కూర్చుని రాయండి: ‘ఇఫ్’ పక్కన ‘హ్యాడ్’, ఇవతల ‘వుడ్ హ్యావ్’. తప్పుల్లేకుండా వచ్చేదాకా పదిసార్లు దిద్దండి. మనిషి మీద రాసిన ‘షుడ్ హ్యావ్’తో ఒక మనిషి పోతాడు. యంత్రం మీద రాసిన ‘వుడ్ హ్యావ్’తో ఒక ఇంటర్‌లాక్ వస్తుంది. నా క్లాసులో మోడల్ వెర్బులకు ఇచ్చే చోటు ఇదొక్కటే.

వాంగ్మూలం వాళ్ల మాటల్లోనే తీసుకోండి

ఇది షిఫ్ట్ ఇన్‌ఛార్జులకు, క్వాలిటీ వాళ్లకు. ఆపరేటర్ చెప్పింది అతని భాషలో, అతని మాటల్లో ముందు రాయండి. ‘ఓపెన్‌లనే ఉండాలె సార్, నేనైతే ముట్టలే’ అంటే అలాగే తెలుగులో రాయండి, యాస కూడా మార్చకండి. ఇంగ్లీష్ తర్వాత. హిందీ వాళ్లయితే ఇంకా జాగ్రత్త. ‘ఖులా హోగా’ అంటే తెరిచే ఉండి ఉంటుందని. ‘ఖులా హోనా చాహియే థా’ అంటే తెరిచి ఉండాల్సింది, లేదు అని. హిందీ ఈ రెంటినీ చక్కగా విడదీసి చెప్తుంది, మన ఇంగ్లీషే వాటిని కలిపి పడేస్తోంది. ఒడియా, బెంగాలీ మాట్లాడేవాళ్ల మాట మీకు అర్థం కాకపోతే వాళ్ల ఊరివాణ్ణి పిలిచి పక్కన కూర్చోబెట్టండి. అరగంట ఆలస్యమైతే అవుతుంది. అసలు మాట ఆ మొదటి కాగితంలో ఉంటే, మూడో రోజు లాగ్‌బుక్ దొరికినప్పుడు సరిచేసుకోవడానికి ఒక ఆధారం ఉంటుంది. నా ఫైలులో అది లేదు. నా ఇంగ్లీష్ వాక్యం ఒక్కటే ఉంది. లాగ్‌బుక్ దొరికాక రిపోర్టు మార్చాను, కారణం గడిలో బ్రైన్ పంపు అని రాశాను. కాంట్రాక్టర్‌ను అడిగితే అబ్బాయి ఊరికి పోయాడన్నాడు. ఇచ్చిన నంబర్ పనిచేయలేదు. ఆ తర్వాత అతను నాకు కనపడలేదు.

ఈ రాత్రి డ్యూటీకి వెళ్తున్న తమ్ముళ్లకు, చెల్లెళ్లకు ఒక్కటే చెప్తున్నాను. మీ ముందు ఇంగ్లీష్ కాగితం పెట్టి సంతకం చేయమంటే, మీ పేరు పక్కన ఏ క్రియ ఉందో చదివించుకోండి. అది మీరు చెప్పిందేనా అని తెలుగులో అడగండి. అర్థం కాకపోతే ఎంత ఒత్తిడి చేసినా సంతకం పెట్టకండి.